వంటింటి కిటికీ: మళ్ళీ ముక్క తీయాలన్నారు!

పోయిన వారం నిలవ ఉసిరికాయ బూజు పట్టకుండా ఎలా చూసుకోవాలో రాశాను కదా, దానికి వచ్చిన ఉత్తరాల్లో ఒకటి మాత్రం పచ్చడి గురించి కాదు. పేరు, ఊరు రాయవద్దని కోరిన ఒక సోదరి ఇలా రాశారు. "అక్కయ్యగారూ, నా వీపు మీద చిన్నప్పటి నుంచీ ఉన్న పుట్టుమచ్చ ఈమధ్య రంగు మారుతోంది. స్కిన్ డాక్టరుగారు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చాక మళ్ళీ తీయాలంటున్నారు. ఒకసారి కోసింది చాలదా అని మా అత్తగారు, ఇదంతా డబ్బు గుంజడానికేనని మావారు! నాకేమో రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?"

ఆ ఉత్తరం చదివి స్టౌ మీద పాలు పెట్టిన సంగతి కూడా మర్చిపోయాను. ఎందుకంటే ఆ మాటలన్నీ, దాదాపు అక్షరం పొల్లు పోకుండా, 2022లో మా ఇంట్లో వినబడ్డవే. వాటిలో కొన్ని నేనన్నవే కూడా!

నేను డాక్టర్ని కాను. ఇది పక్కింటావిడ గోడ మీదుగా చెప్పిన సంగతి అనుకుని చదవండి. వైద్యానికి సంబంధించిన వివరాలు మాత్రం మాకు చికిత్స చేసిన డాక్టరమ్మను మళ్ళీ అడిగి, సరిచూసుకునే రాస్తున్నాను.

మా వదిన, అంటే మావారి అక్కగారు, తెనాలి దగ్గర ఉంటారు. ఆవిడకి ఎడమకాలి మీద, చీలమండకి నాలుగు వేళ్ళ పైన ఒక పుట్టుమచ్చ. ఎంత పాతదంటే పదో తరగతి సర్టిఫికెట్లో గుర్తులు రాసేచోట అదే రాసి ఉంటుంది! కాలి మీద పుట్టుమచ్చ ఉంటే దూరప్రయాణాలని పెద్దవాళ్ళనేవారట. "ఏ దూరమే, నేను దాటింది కృష్ణా బ్యారేజీ ఒక్కటే" అని ఆవిడే నవ్వించేవారు.

2022 శ్రావణమాసంలో వాళ్ళింట్లో వరలక్ష్మీ వ్రతం. పేరంటంలో నేను ఆవిడ కాళ్ళకి పసుపు రాస్తున్నాను. వేలికి ఏదో గరుగ్గా తగిలింది. చూస్తే ఆ పుట్టుమచ్చే. నాకు గుర్తున్నంతవరకు అది పెసరబద్దంత, గుండ్రంగా, గోధుమరంగులో ఉండేది. అప్పుడు చూస్తే శనగగింజని మించిపోయి, ఒకపక్క బ్లాటింగ్ కాగితం మీద సిరా పాకినట్టు పాకి ఉంది. మధ్యలో నలుపు, అంచున బూడిదరంగు.

"వదినా, ఇది ఎప్పటి నుంచి ఇలా ఉంది?" అన్నాను.

"ఏమోనే అమ్మాయ్, చీర కింద ఉండేదాన్ని ఎవరు చూస్తారు? ఈమధ్య కాస్త దురద పెడుతోందిలే. ముందు తాంబూలాలు ఇవ్వండి, వాళ్ళు వెళ్ళిపోతారు" అన్నారు.

ఆవిడ కూతురు ఆ వారమే పుట్టింటికి వచ్చి ఉంది. ఆ పిల్ల ఫోన్లో పాత ఫోటోలన్నీ వెతికి, మూడేళ్ళ కిందట మంగినపూడి బీచిలో చీర కాస్త పైకెత్తుకుని నిలబడ్డ ఫోటో ఒకటి పట్టుకుంది. పెద్దది చేసి చూస్తే తేడా స్పష్టంగా తెలిసిపోయింది. "అత్తయ్యా, అమ్మ చెప్తే వినదు, నువ్వే తీసుకెళ్ళు" అని నా మీద పెట్టింది. అలా గుంటూరులో స్కిన్ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం.

ఆవిడ డెర్మోస్కోప్ అనే దీపం ఉన్న భూతద్దంలాంటిది ఆ మచ్చకు ఆనించి చాలాసేపు చూశారు. మచ్చలో ఒక సగం ఇంకో సగంలా లేకపోవడం, అంచు చిందరవందరగా ఉండటం, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు కలిసి ఉండటం, పెన్సిలు వెనక రబ్బరు కంటే, అంటే 6 మిల్లీమీటర్ల కంటే, పెద్దదవటం... ఈ నాలుగూ చూడమని 1985లో న్యూయార్క్ డాక్టర్లు చెప్పారట. 2004లో అయిదోది కలిపారు: మారుతూ ఉండటం. "మిగతా నాలుగూ మర్చిపోయినా ఈ అయిదోది గుర్తుపెట్టుకోండి" అన్నారావిడ. పుట్టుమచ్చలు చాలామందికి ఉంటాయి, వాటిలో చాలా చాలా భాగం చచ్చేదాకా ఏమీ చేయవు. మన రంగు చర్మాల్లో మెలనోమా అనే ఈ పుట్టుమచ్చ క్యాన్సరు అరుదు. తెల్లవాళ్ళలో వచ్చినంతగా మనకు రాదు. కానీ అరుదు అనే మాట విని మనం ఆలస్యంగా వెళతామట, అదీ చిక్కు.

మచ్చ పెద్దది. మోకాలి కింద చర్మం బిగుతుగా ఉంటుంది, కోస్తే కుట్లు దగ్గరకు రావడం కష్టం. అందుకని మొదట అన్నిటికంటే నల్లగా ఉన్నచోట చిన్న ముక్క తీసి చూద్దామన్నారు. మత్తు ఇంజక్షను ఇచ్చి, పెన్సిలు పట్టేంత సన్నటి గొట్టంలాంటి పరికరంతో 4 మిల్లీమీటర్ల ముక్క తీశారు. మనం గవ్వల పిండిలోంచి సీసా మూతతో చిన్న బిళ్ళ తీసినట్టు! ఒక కుట్టు. పావుగంట పని. ఆ సాయంత్రం వదిన ఇంటికెళ్ళి పప్పుచారు పెట్టుకున్నారు కూడా.

వారానికి రిపోర్టు వచ్చింది. అందులో క్యాన్సర్ అనే మాట లేదు. 'డిస్‌ప్లాస్టిక్ నీవస్, సివియర్ అటిపియా' అని ఉంది. ముక్క అంచుల దాకా ఆ కణాలే ఉన్నాయనీ, మచ్చ మొత్తం తీసి పరీక్షించడం మంచిదనీ కింద రాసి ఉంది.

అంతే, ఇంట్లో పంచాయితీ మొదలైంది. "క్యాన్సర్ కాదని రాశారుగా, మళ్ళీ కోత ఎందుకు?" అని అన్నయ్యగారు (వదిన భర్త). "కత్తి తగిలితేనే పాకుతుంది, కదపకుండా వదిలేయండి" అని ఎదురింటి పెద్దావిడ. ఇంకొకరెవరో సున్నంలో బట్టలసోడా కలిపి పెడితే మూడురోజుల్లో రాలిపోతుందన్నారు. నేనేం తక్కువ తినలేదు. "దసరా వెళ్ళాక చూద్దాం వదినా" అన్నాను. దసరా వెళ్ళింది. ఆవిడ కార్తీకమాసం స్నానాలకి తడి కట్టు వద్దన్నారు. సరే అన్నాను. ఆ మూడు నెలలు నేను గట్టిగా ఎందుకు చెప్పలేదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఒక్క మెతుకు చాలదు

చివరికి మమ్మల్ని కదిలించింది ల్యాబులో పెథాలజిస్టు పెద్దాయన. రిపోర్టు అర్థం కాక, కార్తీకం ఆఖర్న ఆయన్నే కలుద్దామని వెళ్ళాం. నిజానికి ఇలా కలవవచ్చని కూడా చాలామందికి తెలియదు. "అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలిసిపోదాండీ?" అని వదినే ఆయన్ని నిలదీశారు.

ఆయన నవ్వి, "అన్నానికి చాలమ్మా, ఎందుకంటే గిన్నెలో ప్రతి మెతుకూ ఒకే నీళ్ళలో ఉడికింది. ఇది బియ్యం బస్తా లాంటిది. పురుగు ఒక మూల పడుతుంది. మీరు ఇంకో మూల నుంచి గుప్పెడు తీసి చూసి బాగానే ఉన్నాయంటే సరిపోతుందా? నాకు పంపింది గుప్పెడే. ఆ గుప్పెట్లోనే నాకు అనుమానం వచ్చింది. బస్తా కుమ్మరించి చూడాలంటున్నాను" అన్నారు.

ఆ ఒక్క మాటతో వదిన ఒప్పుకున్నారు. డాక్టర్లు మూడునెలలు చెప్పలేనిది బియ్యం బస్తా చెప్పింది!

తర్వాత ఆయన చెప్పిన సంగతులు నేను అప్పుడే సరుకుల చీటీ వెనక రాసుకున్నాను. తీసిన ముక్కను ఫార్మలిన్‌లో వేసి పంపుతారు. ల్యాబులో దాన్ని కొవ్వొత్తి మైనం లాంటి మైనంలో పోతపోసి చిన్న దిమ్మ చేస్తారు, దాన్నే బ్లాకు అంటారు. ఆ దిమ్మ నుంచి మన వెంట్రుక మందంలో పదోవంతు కూడా లేనంత పల్చటి పొరలు కోసి, గాజు పలక మీద పరిచి, గులాబీ, ఊదా రంగులు వేసి మైక్రోస్కోపులో చూస్తారు. మామూలు పుట్టుమచ్చలో కణాలు బుద్ధిగా గుంపులు గుంపులుగా ఉండి, లోతుకు పోయేకొద్దీ చిన్నవవుతాయి. డిస్‌ప్లాస్టిక్ అంటే ఆ వరస తప్పాయని. అది క్యాన్సర్ కాదు. కానీ ఎంత తప్పాయన్నదాన్ని బట్టి మైల్డ్, మోడరేట్, సివియర్ అంటారు. మైల్డ్ అయితే అంచున కాస్త మిగిలినా చాలాసార్లు ఊరికే కనిపెట్టి చూస్తారు. మోడరేట్ అయితే డాక్టరు మచ్చనీ మనిషినీ చూసి తేలుస్తారు. సివియర్ అయితే మాత్రం మొత్తం తీసేయమంటారు, ఎందుకంటే దానికీ తొలిదశ మెలనోమాకీ మధ్య గీత సన్నం. చిన్న ముక్కలో ఆ గీత ఎటువైపు ఉందో చెప్పడం అనుభవమున్న కళ్ళకే కష్టమట.

అంటే రెండోసారి తీయమనడం మొదటిసారి తప్పు జరిగిందని కాదు. మొదటి ముక్క ఒక ప్రశ్న వేసింది, జవాబు మిగిలిన మచ్చలో ఉంది. ఈ మాట మా అన్నయ్యగారి బుర్రకెక్కించడానికి నాకు రెండు పూటలు, నాలుగు కాఫీలు పట్టాయి.

కత్తి తగిలితే పాకుతుందన్న భయం సంగతీ అడిగాను. ముక్క తీసి పరీక్ష చేయడం వల్ల జబ్బు ముదిరిన దాఖలా లేదన్నారు. మనవాళ్ళకి ఆ నమ్మకం ఎలా వచ్చిందంటే, బాగా ముదిరాక వెళతాం, అప్పుడు కోస్తారు, అప్పటికే పాకి ఉన్నది తర్వాత బయటపడుతుంది. నింద కత్తికి వస్తుంది.

మరి మొదటే వెడల్పుగా కోసి పారేస్తే ఈ తిరుగుడు ఉండదు కదా అని మీకు అనిపిస్తుంది. నేనూ అడిగాను. ఎంత వెడల్పు కోయాలన్నది అది ఎంత లోతు దిగిందన్న దాని మీద ఆధారపడుతుంది. ఆ లోతు మైక్రోస్కోపులో తప్ప కంటికి తెలియదు. 1970లో బ్రెస్లో అనే అమెరికా పెథాలజిస్టు ఈ లోతును మిల్లీమీటర్లలో కొలవడం మొదలుపెట్టారు, ఇవాళ్టికీ ఆయన పేరుతోనే కొలుస్తున్నారు. పైపొరలోనే ఉంటే చుట్టూ అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు మంచి చర్మం తీస్తారు. 1 మిల్లీమీటరు లోపు లోతుంటే ఒక సెంటీమీటరు. 2 మిల్లీమీటర్లు దాటితే రెండు సెంటీమీటర్లు. మచ్చ ఏమీ కానిదైతే ఇంత కోత దండగ కదా! అందుకని తక్కువతో మొదలుపెట్టి, జవాబు వచ్చాక కావాలంటే పెంచుతారు. చీర జాకెట్టు గుడ్డ కోసేముందు కొలత తీసుకోమూ?

రెండోసారీ, మూడోసారీ

నవంబరు ఆఖర్న మచ్చ మొత్తం తీశారు. గుండ్రంగా కాకుండా కన్ను ఆకారంలో పొడుగ్గా కోశారు. గుండ్రంగా కోస్తే కుట్టినప్పుడు రెండు చివర్లా చర్మం ముడిపడి పైకి లేస్తుందట. "పెసరబద్దంత దానికి ఇంత గాటా!" అని వదిన కంగారుపడ్డారు గానీ, ఆ పొడుగు జబ్బుకి కాదు, కుట్టుకి.

ఈసారి రిపోర్టు పది రోజులు దాటినా రాలేదు. అడిగితే ప్రత్యేకమైన రంగు పరీక్షలు చేస్తున్నామన్నారు. ఆ పది రోజులూ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. వదిన మాత్రం కూర్చున్నచోటే చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "ఏదైతే అదవుతుందిలే, నువ్వు మొహం అలా పెట్టకు" అని నాకే ధైర్యం చెప్పారు.

రిపోర్టు వచ్చింది. 'మెలనోమా ఇన్ సిటు.' మొదట ముక్క తీసిన నల్లచోట కాదు, సిరా పాకినట్టున్న ఆ రెండో పక్కన!

డాక్టరమ్మ వదిన చెయ్యి పట్టుకుని నెమ్మదిగా చెప్పారు. ఇన్ సిటు అంటే ఉన్నచోటనే ఉన్నది అని. చర్మం పైపొర దాటి లోపలికి దిగలేదు. ఆ పైపొరలో రక్తనాళాలు ఉండవు, అందుచేత అది ఇంకెక్కడికీ వెళ్ళే దారి లేదు. కీమో వద్దు, కరెంటు వద్దు, గజ్జల్లో గ్రంథి పరీక్ష కూడా అక్కర్లేదు. ఆ గ్రంథి పరీక్ష సుమారు 0.8 మిల్లీమీటర్లు దాటి లోతు దిగినప్పుడో, పైన పుండు పడ్డప్పుడో ఆలోచిస్తారు. "కానీ కోసిన అంచుకి ఇది బాగా దగ్గరగా ఉంది. చుట్టూ ఇంకొంచెం తీయాలి" అన్నారు.

మూడోసారి! అప్పుడు మాత్రం ఎవరూ మారుమాట్లాడలేదు. డిసెంబరు నెలాఖరున, ధనుర్మాసం ముగ్గుల మధ్య, అదీ అయిపోయింది. చుట్టూ అర సెంటీమీటరు తీసి బిగించి కుట్టారు. రెండు వారాలు కాలు దిండు మీద పెట్టుకుని కూర్చోబెట్టాం. సంక్రాంతికి అరిసెలు నేనే వండాను, పాకం ముదిరి రాళ్ళయ్యాయి, అది వేరే కథ.

ఆ మూడో ముక్క రిపోర్టులో ఏముందో తెలుసా? పాత కోత తాలూకు మచ్చ, అంతే. చెడ్డ కణం ఒక్కటీ లేదు. అది విని మా బంధువు ఒకాయన, "చూశారా, అనవసరంగా కోశారు" అన్నారు! ఇది చాలా ఇళ్ళల్లో వినే మాట కాబట్టి ఆగి చెప్తున్నాను. మూడో ముక్కలో ఏమీ లేకపోవడమే మాకు కావలసింది. అంట్లు తోమాక గిన్నె కడిగిన నీళ్ళు తేటగా వస్తే, ఆ నీళ్ళు దండగ అంటామా? తేటగా వచ్చాయి కాబట్టే గిన్నె శుభ్రమైందని తెలిసింది.

అందరికీ ఇలాగే అవుతుందని బెంగపెట్టుకోకండి. రెండోసారి తీసినప్పుడు కొత్తగా ఏమీ కనబడకుండా ముగిసిపోయేవాళ్ళు చాలామంది ఉంటారు. మా వదిన సంగతి అలా తిరిగింది కాబట్టే ఆలస్యం చేసినందుకు నాకింత గుబులు. ఆ మూడు నెలల్లో అది లోపలికి దిగలేదు. దిగి ఉంటే ఈ వ్యాసం రాయడానికి నాకు చేతులాడేవి కావు.

మీరు గుర్తుంచుకోవలసిన కొన్ని సంగతులు

తీసిన ముక్క పరీక్షకు వెళ్ళిందా లేదా అని నోరు తెరిచి అడగండి. మా వీధిలో ఒకమ్మాయి బుగ్గ మీది పుట్టుమచ్చను ఒక బ్యూటీపార్లర్‌లో మిషన్‌తో కాల్పించుకుంది. ఏడాదికి అదేచోట మళ్ళీ నలుపు తేలింది. డాక్టరు "పాతది ఏమిటో చెప్పే కాగితం ఉందా?" అంటే ఏముంది, బూడిదైపోయింది! ఆ అమ్మాయికి అదృష్టవశాత్తూ ఏమీ కాదని తేలింది గానీ, కాల్చినా, సున్నం సోడా పెట్టినా, నల్లజీడి రసం రాసినా జరిగేది ఇదే. పైన రంగు పోతుంది, కింద ఏముందో ఎవరికీ తెలియకుండా పోతుంది. పైగా ఆ పుండు. అందం కోసం తీయించుకున్నా సరే, మారుతూ ఉన్న మచ్చ అయితే కోయించి పరీక్షకు పంపించాలి. కాల్పించకూడదు.

రిపోర్టు కాగితం భద్రంగా దాచండి. రేషన్ కార్డూ, కరెంటు బిల్లులూ పెట్టుకునే కవర్లోనే ఇదీ పెట్టండి, ఫోన్లో ఫోటో కూడా తీసి ఉంచండి. ఎందుకంటే సగం తీసిన పుట్టుమచ్చ, కుట్టిన మచ్చలోనే మళ్ళీ నల్లగా మొలవడం మామూలే. అలా మొలిచిన మామూలు పుట్టుమచ్చ కూడా మైక్రోస్కోపులో అచ్చం మెలనోమాలాగే కనబడి మోసం చేస్తుందట! పరీక్ష చేసేవారికి "ఇక్కడ ఇదివరకు ఒకసారి తీశారు, అప్పటి రిపోర్టు ఇది" అని తెలిస్తే పొరపడరు. తెలియకపోతే లేని క్యాన్సర్ ఉన్నట్టు అవుతుంది. కాబట్టి రెండోసారి వెళ్ళేటప్పుడు మొదటి రిపోర్టు తీసుకెళ్ళడం మీ బాధ్యత. డాక్టరు రాసే చీటీలో ఆ సంగతి రాశారో లేదో కూడా చూసుకోండి.

ఇంకొకరి అభిప్రాయం కావాలనిపిస్తే మళ్ళీ కోయించుకోనక్కర్లేదు. ల్యాబులో మైనపు బ్లాకూ, గాజు స్లైడులూ దాచి ఉంచుతారు. అడిగితే ఇస్తారు. వాటిని ఇంకో పెథాలజిస్టుకి, వీలైతే చర్మం పరీక్షల్లోనే అనుభవమున్నవారికి చూపించవచ్చు. మావారు డబ్బు గుంజడం అంటున్నారని రాసిన సోదరికి ఇదే మంచి దారి. అనుమానం తీర్చుకోండి, కానీ తేదీ పెట్టుకుని తీర్చుకోండి. మాలాగా పండగలు లెక్కపెట్టకండి.

డాక్టరుగారిని ఇవి అడగండి: మొదట తీసింది మచ్చలో కొంత భాగమా, మొత్తమా? అంచుల్లో ఏమైనా మిగిలిందని రాశారా? ఇప్పుడు ఎంత వెడల్పు తీస్తారు, ఎందుకు? ఆగితే ఎన్నాళ్ళు ఆగవచ్చు? చీటీ మీద రాసుకుని వెళ్ళండి. గదిలోకి వెళ్ళాక మనకి సగం ప్రశ్నలు గుర్తుకురావు.

కోతకు ముందు షుగరు, బీపీ మందుల సంగతి చెప్పాలి. రక్తం పల్చబడే మాత్రలు వేసుకుంటుంటే తప్పకుండా చెప్పాలి, మీ అంతట మీరు మానేయకూడదు. ఛాతీ మీదా, భుజాల మీదా కోసినచోట కొందరికి గట్టిగా ఉబ్బి కీలాయిడ్ వస్తుంది. ఇదివరకు చెవులు కుట్టించుకున్నప్పుడు అలా వచ్చి ఉంటే ముందే చెప్పండి. కుట్లు మొహం మీదైతే వారం లోపు, వీపు మీద, కాళ్ళ మీద పది నుంచి పధ్నాలుగు రోజులకి విప్పుతారు. పుండు మీద పసుపూ, కాఫీపొడీ వద్దు. పథ్యం అని కడుపు మాడ్చకండి, పప్పు, పెరుగు, గుడ్డు బాగా తినాలి. వంకాయ తింటే చీము పడుతుందని మా ఎదురింటావిడ వాదించారు, నేను గుత్తివంకాయ వండి పంపాను, వదిన తిన్నారు, ఏమీ కాలేదు!

కడుపుతో ఉన్నప్పుడు పొట్ట మీదా రొమ్ముల మీదా చర్మం సాగి పుట్టుమచ్చలు కొంచెం పెరిగినట్టు కనిపిస్తాయి. అయినా అంచు, రంగు మారితే కాన్పయ్యేదాకా ఆగకుండా చూపించండి. మామూలు మత్తు ఇంజక్షనుతో ముక్క తీయడం ఆ సమయంలోనూ చేస్తారు.

ఇక మనకు ముఖ్యమైనది ఒకటుంది. మన దేశంలో మెలనోమా వచ్చినవాళ్ళలో చాలామందికి అది ఎండ తగిలే చోట కాదు, అరికాల్లో, అరచేతిలో, గోటి కింద వస్తుంది. పాటగాడు బాబ్ మార్లే పేరు మీ పిల్లల్ని అడిగితే చెప్తారు. ఆయన కాలి బొటనవేలి గోటి కింద మచ్చను ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారట. 1977లో మెలనోమా అని తేలింది, 1981లో 36 ఏళ్ళకే పోయారు. మనకేమో అరికాలు చూసుకునే అలవాటే లేదు. గోళ్ళకు రంగు, ఆషాఢంలో గోరింటాకు, పెళ్ళిళ్ళలో పారాణి. అవి పెట్టుకోవద్దని కాదు, పెట్టుకునేముందు ఒకసారి చూసుకోమని. చాలా గోళ్ళకి సన్నటి గీతలుండటం మన రంగువాళ్ళలో మామూలే. ఒక్క గోటికే నల్లగీత వచ్చి వెడల్పవుతుంటే, గోటి మొదట్లో చర్మానికి కూడా నలుపు పాకితే చూపించండి. దెబ్బ తగిలి కట్టిన రక్తమైతే గోరు పెరిగేకొద్దీ ముందుకు జరిగి పోతుంది.

ఫోటో తీసేటప్పుడు పక్కన రూపాయి బిళ్ళ పెట్టి పగటి వెలుతురులో తీయండి, తర్వాత పోల్చుకోవడానికి కొలత ఉంటుంది. వీపు సంగతి మీవారినో, పెద్ద పిల్లనో చూడమనండి.

వదిన మొదట ఆర్నెల్లకొకసారి, ఇప్పుడు ఏడాదికొకసారి తల నుంచి అరికాలి దాకా చూపించుకుంటున్నారు. మొన్న బ్యాంకులో ఏదో ఫారం నింపుతూ, గుర్తులు రాసేచోట పెన్ను ఆపి, "నా గుర్తు గుంటూరులో సీసాలో ఉందే, ఇప్పుడేం రాయను?" అన్నారు. "ఎడమకాలి మీద కుట్ల మచ్చ" అని రాయించాను.

వీపు మీది పుట్టుమచ్చ సోదరికి: మీ రిపోర్టులో కింది రెండు వాక్యాలు మరోసారి చదివి, అంచుల గురించి ఏం రాశారో చూడండి. అది చేతిలో పట్టుకుని ఈ వారంలోనే మీవారిని కూడా వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఏమన్నారో నాకు తప్పకుండా రాయండి.